జామ కొమ్మకు వేరొచ్చేదాకా

రాష్ట్రం వచ్చాక రెండో వానాకాలం ముందు, మా ఊరి పంచాయతీ పాత ఎరువుల గోదాం వెనుక ఉన్న జాగాను పన్నెండు మంది ఆడవాళ్లకు పంచి ఇచ్చింది. పంచడమంటే కాగితం మీద కాదు. కట్టెలు పాతి, సుతిలి లాగి, ఒక్కొక్కరికి పదడుగుల వెడల్పున ఒక పట్టీ చూపించారు. మాలో ఎవరికీ సొంత భూమి లేదు. కొందరు కూలికి పోయేవాళ్లు, కొందరు గొర్లు కాసే ఇళ్లవాళ్లు. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. బట్ట ఇవ్వడానికి, కుట్టింది తీసుకుపోవడానికి వచ్చి అందరూ మా అరుగు మీదే కూర్చునేవారు. ఆ జాగా అడుగుదామన్న మాట అక్కడే పుట్టింది. ఇంట్లోకి సరిపడా కూరగాయలు, నాలుగు పండ్ల చెట్లు. అంతకు మించి మేము ఏమీ ఆశించలేదు.

జాగా చూపించిన రోజే సర్పంచ్ ఒక షరతు పెట్టాడు.

"ఈ జాగా మీద శానమంది కన్నున్నది. వడ్లారబోసుకుంటమని ఒకలు, ట్రాక్టర్లు పెట్టుకుంటమని ఒకలు. వానాకాలం అయ్యేలోపల ఇక్కడ చెట్లు కనబడాలె. లేకుంటే నేను గూడ ఏం చెయ్యలేను."

మేము తొందరపడ్డాం. వ్యాన్‌లో మొక్కలు పెట్టుకుని ఊరూరా తిరిగే మనిషి వస్తే, తలా కొంచెం వేసుకుని జామ, దానిమ్మ, నిమ్మ కొని నాటాం. మూడు వారాల్లో అన్నీ ఎండిపోయాయి. ఒకదాన్ని పట్టి లాగితే పుల్లలా ఊడి వచ్చింది. కింద వేరన్నది లేదు. కోసిన కొమ్మలను మట్టి కవర్లలో గుచ్చి అమ్మాడు ఆ మనిషి. ఆ పుల్లలన్నీ తెచ్చి మా అరుగు మీద పోశారు. మళ్లీ కొనే స్తోమత ఎవరికీ లేదు. గింజలు వేసి మొలిపిద్దామని ఒకావిడ అంది. గింజ మొలిచి చెట్టయ్యేసరికి వానాకాలం కాదు కదా, మా ఓపికే అయిపోతుందని ఇంకొకావిడ అంది.

లోపల మంచం చప్పుడైంది. మా నాన్న, నేను బాపు అంటాను, ఎడమ చేత్తో మంచం పట్టెను కొడుతున్నాడు.

రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడ్చేవాడు, మాట ముద్దముద్దగా వచ్చేది. అంతకు ముందు ముప్పై ఏళ్లు నల్లగొండ చుట్టుపక్కల ఎవరెవరివో బత్తాయి తోటల్లో అంటు కట్టాడు. ఆయన కట్టిన చెట్లు ఎన్ని తోటల్లో కాస్తున్నాయో ఆయనకే తెలియదు. పడిపోయిన కొత్తలో ఎడమ చేత్తో అంటు చాకు పట్టబోయి తొడ కోసుకున్నాడు. ఆ చాకు తీసి బట్టల పెట్టె అడుగున దాచాను. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య అన్నం పెట్టడం, నీళ్లు పోయడం తప్ప మాటలు తగ్గిపోయాయి. ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేను మిషన్ తొక్కుకునేదాన్ని.

దగ్గరికి పోయి వంగాను.

"కొమ్మకు..." అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారికి అర్థమైంది. "కొమ్మకు వేరు తెప్పియ్యాలె. చెట్టు మీదనే."

గాలి అంటు అని నేను విన్నాను గానీ చూడలేదు. కొమ్మ చెట్టు మీద ఉండగానే ఒకచోట చుట్టూ బెరడు తీసి, అక్కడ తడి పీచు కట్టి, గాలి పోకుండా కవరు చుడితే ఆ గాయం దగ్గర వేళ్లు పుడతాయి. వేళ్లు ముదిరాక కింద కోసి నాటుకుంటే రెండేళ్లలో కాపు. కొనాల్సింది ఏమీ లేదు. గుడి దగ్గర కొట్టిన కొబ్బరికాయల పీచు, పాల ప్యాకెట్ల కవర్లు, నా దగ్గరున్న దారం. లేనిదల్లా మంచి చెట్టు.

ఏ చెట్టన్నది కూడా ఆయనే చెప్పాడు. నార్కట్‌పల్లి పోయే రోడ్డు మీద ఒక అవ్వ చాయ్ హోటల్ ఉండేది. దాని వెనుక ఒక జామచెట్టు. కాయ కోస్తే లోపల ఎర్రగా, గింజ తక్కువగా ఉంటుంది. తోటలకు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అక్కడ చాయ్ తాగిన బాపుకు ఆ చెట్టు కొమ్మ కొమ్మా తెలుసు.

మర్నాడే పోయాను. హోటల్ గోడ మీద ఎర్ర రంగుతో గీత ఉంది. జామచెట్టు మొదలు మీద కూడా అదే రంగు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు.

"ఎప్పుడు కొడ్తరవ్వా?" అని అడిగాను.

"ఎవలికి తెల్వదు బిడ్డా. నెలంటరు, రెండు నెలలంటరు. నార్కట్‌పల్లి దిక్కెల్లి కొట్టుకుంట వస్తాండ్రు."

వేరు పట్టి ముదరడానికి నెలా పదిహేను రోజులు కావాలని బాపు అన్నాడు. నేను లెక్క వేసుకున్నాను. రోజులు చాలకపోవచ్చు. అయినా వేరే చెట్టు వెతికే సమయం లేదు. అవ్వ ఒప్పుకుంది. "నీడ పోకుండ కట్టుకోండ్రి. డ్రైవర్లు కూసుంటరు," అంది, అంతే.

ఆ వారమే బాపును ఆటోలో తీసుకుపోయి చెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టాను. మాలో అందరికంటే చిన్నది, వీధి చివరి ఇంటి అమ్మాయి, పెళ్లయి మూడేళ్లు, నాతో వచ్చింది. చెట్లెక్కడంలో ఆమెకు మించినవాళ్లు లేరు. చీర కుచ్చిళ్లు దోపి పై కొమ్మ మీదికి పాకింది. నేను స్టూలు మీద నిలబడ్డాను. పెట్టెలోంచి తీసిన చాకు రెండేళ్ల తర్వాత మొదటిసారి బయటికి వచ్చింది. బాపు దాని వైపు చూశాడు.

పెన్సిలంత లావు కొమ్మ పట్టమన్నాడు. లేతది వద్దు, మరీ ముదురూ వద్దు. నేను వేలెడంత వెడల్పున చుట్టూ గాటు పెట్టి బెరడు ఒలిచాను. కింద తెల్లటి కట్టె, దాని మీద జిగురు.

"గీకు," అన్నాడు.

గీకాను.

"ఇంక గీకు. జిగురుంటె బెరడు మల్ల అతుక్కుంటది. వేరు రాదు."

ఇంకా గీకితే కొమ్మ చస్తుందని నాకు భయం. చాకు ఆపేశాను. ఆయన ఏదో గట్టిగా అన్నాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు. మళ్లీ అర్థం కాలేదు. భుజం మీది తువ్వాల తీసి నేల మీద కొట్టాడు. పొద్దుటి నుంచి ఎండలో ఉన్నాను. నోరు జారాను.

"నాకు రాదు బాపు. నీ చెయ్యి మంచిగుంటె నువ్వే కట్టుకుందువు."

అన్నాక తెలిసింది ఏమన్నానో. పై కొమ్మ మీద అమ్మాయి కదలకుండా ఉండిపోయింది.   బాపు ఎడమ చేత్తో కర్ర పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చి, కర్రను చెట్టుకు ఆనించి, నేను గీకుతున్న కొమ్మ కిందికి వాలిన కొసను ఆ చేత్తో కదలకుండా పట్టుకున్నాడు.

"ఇప్పుడు గీకు," అన్నాడు. ఈసారి అర్థమైంది.

తెల్లకట్టె గరుకుగా తగిలేదాకా గీకాను. తడిపి పిండిన పీచులో కొంచెం గొర్రె ఎరువు కలిపి గాయం చుట్టూ ముద్దలా పెట్టి, పాల కవరు చుట్టి, రెండు వైపులా దారంతో బిగించాను. కట్టడం మాత్రం నా పనే, దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. సాయంత్రానికి ముప్పై ఆరు కట్టాం. మనిషికి మూడు. గుండీలు కుట్టిన జాకెట్‌లా ఉంది చెట్టు.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది.

మృగశిర కార్తె, అదే మిరుగు, వచ్చిన నాడు పడ్డ నాలుగు చినుకులే. వేడి గాలి, రోడ్డు దుమ్ము, లారీల పొగ. కవర్లలో పీచు ఆరిపోతే అంతా పోయినట్టే. ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్ దగ్గర పారేసే సూదులు రెండు అడిగి తెచ్చుకున్నాను. నాలుగు రోజులకోసారి బస్సెక్కి పోయి, కవరులోకి సూది గుచ్చి నీళ్లు ఎక్కించి, ఆ రంధ్రం మీద ప్లాస్టర్ ముక్క అంటించేదాన్ని. హోటల్ ముందు కూర్చున్న డ్రైవర్లు చెట్టుకు ఇంజక్షన్ ఇస్తున్నానని నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. బస్సు కిటికీలోంచి నేను చూసేది ఒకటే: రోడ్డు పక్కన ఏం మిగిలిందని. మొదటిసారి పోయినప్పుడు హోటల్‌కు నార్కట్‌పల్లి వైపు పంచర్ల షాపు, కిరాణం, రెండు ఇళ్లు, కూల్‌డ్రింకుల డబ్బా ఉండేవి. తర్వాతసారి కిరాణం లేదు. ఆ తర్వాత ఒక ఇల్లు సగమే ఉంది, లోపలి నీలం గోడ, గోడకు క్యాలెండర్ కనిపించాయి.

ఇరవయ్యో రోజుకు పారదర్శకంగా ఉన్న ఒక కవరులో తెల్లటి చుక్కలు కనిపించాయి. నాలుగు రోజుల తర్వాత అవి దారపు పోగుల్లా సాగాయి. ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. "రంగు?" అన్నాడు. తెల్లగా ఉన్నాయన్నాను. తల అడ్డంగా ఊపాడు. "తెల్లయి పనికి రావు. జర గోధుమ రంగు తిరగాలె."

ఇరవై ఏడో రోజు పోయేసరికి కింది కొమ్మల మీద ఐదు కట్లు వేరేగా కనిపించాయి. నా ముడి కాదు. నేను బట్టల మీద వేసే ముడి నాకు తెలుసు. విప్పి చూశాను. పీచు విడిపోయి ఉంది. తెల్ల వేళ్లు తెగి, నల్లబడి, పీచుకే అంటుకుని ఉన్నాయి.

"మీ పిల్లనే గదా, చెట్టెక్కిన పిల్ల," అంది అవ్వ. "మొన్న వచ్చింది. నువ్వే పంపినవనుకున్న."

బస్సు దిగి మా ఇంటికి కూడా పోలేదు. నేరుగా వీధి చివరి ఇంటికి పోయాను. ఆమె బయట బట్టలు మడుస్తోంది.

"కట్లెందుకు విప్పినవ్?"

ఆమె మొహం పాలిపోయింది. "వేరు వచ్చిందో లేదో సూసిన అక్క."

"సూస్తె తెగుతయని తెల్వదా నీకు? కట్టినప్పుడు పక్కనే ఉంటివి గదా?"

"మా ఆయన పట్నం పోదామంటాండు. అపార్టుమెంట్ల కాడ పనున్నదట. ఈడ ఏమున్నదని ఒకటే లొల్లి. వేరు పడ్డయని కండ్లతోని సూస్తె, ఉందామని గట్టిగ చెప్పొచ్చనుకున్న. ఒకటి విప్పితె సరిగ్గ కనబడలె. ఇంకోటి విప్పిన." ఆమె చేతిలోని చీర మడత మళ్లీ విప్పింది.

ఆ మాట విన్నాకైనా నేను ఊరుకోవాల్సింది. నాకు అప్పటికి రోడ్డు, కూలగొట్టుకుంటూ వచ్చే మిషన్, ఎండిన పీచు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"నీ ఒక్కదాని ఆత్రానికి ఐదు చెట్లు పోయినయ్. పోయేదానివి పోక మా నోట్ల మన్ను ఎందుకు కొడ్తివి?"

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఆమె చేతిలోని చీరను మడత పూర్తి చేసి పక్కన పెట్టింది.

"నా మూడు మీరే తీసుకోండ్రి అక్క," అని లోపలికి పోయింది.

రెండు రోజుల తర్వాత ఆ ఇంటికి తాళం ఉంది. పట్నం పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. విని మిషన్ ముందు కూర్చున్నాను. ఆ రోజు కుట్టిన జాకెట్‌కు రెండు చేతులూ ఎడమవే వేశాను.

ముప్పై ఒకటో రోజు సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది.

"రేపు పొద్దుగాల మా దిక్కు మిషన్ వస్తదట బిడ్డా. సామాను తీసుకోమన్నరు. మీయి మీరు సూసుకోండ్రి."

ఇంకా పధ్నాలుగు రోజులు కావాలి. అరుగు మీద నలుగురం కూర్చున్నాం. ఇప్పుడు కోస్తే చస్తాయి. కోయకపోతే మిషన్ కింద పోతాయి. ఒకావిడ ఏడ్చింది. నేను బాపు మంచం దగ్గర కింద కూర్చున్నాను. 

"ఒక్కొక్కటి కొయ్యకుండ్రి," అన్నాడు, ఒక్కో మాట కూడదీసుకుంటూ. "పెద్ద కొమ్మ కొయ్యాలె. కట్లన్నీ దాని మీదనే ఉండాలె. మొదలు నీళ్ల డ్రమ్ముల పెట్టాలె. ఆకు సగం తెంపాలె. కొమ్మ కొన్ని దినాలు బతుకుతది. అది బతికినన్ని దినాలు వేరు సాగుతది."

"గట్ల ఎప్పుడన్న చేసినవా బాపు?"

"చెయ్యలె," అన్నాడు. "నేను గూడ వస్త," అన్నాడు, ఎడమ చేత్తో కర్ర దగ్గరికి లాక్కుంటూ.

తెల్లారి ఏడు గంటలకల్లా ట్రాలీ ఆటోలో రెండు నీళ్ల డ్రమ్ములు, ఒక రంపం, తడి గోనెసంచులు వేసుకుని నలుగురం, మధ్యలో బాపు, అక్కడ దిగాం. జేసీబీ అప్పటికే పక్కింటి మిగిలిన గోడను నెడుతోంది. అవ్వ హోటల్ సామాను రోడ్డు అవతల పరిచింది: గిన్నెలు, బల్లలు, గ్యాస్ పొయ్యి. 

బాపు కర్ర పట్టుకుని నేరుగా చెట్టు కిందికి పోయి, అక్కడున్న రాయి మీద కూర్చున్నాడు. మేము రంపం పట్టి మొదటి కొమ్మ మొదలుపెట్టామో లేదో మిషన్ మా వైపు తిరిగింది. ఆపరేటర్ తల బయటపెట్టి అరిచాడు.

"పెద్దాయనను జరపండ్రి. పక్కకు పోండ్రి మీరు గూడ."

బాపు లేవలేదు. ఏదో అన్నాడు. ఆపరేటర్‌కు అర్థం కాలేదు. ఇంజన్ ఆపి దిగి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, దుమ్ముకు కనుబొమ్మలు తెల్లబడ్డాయి.

"ఏమంటాండు?"

"వేరు వచ్చింది, ముదరలె అంటాండు," అన్నాను. కిందున్న ఒక కవరు చూపించాను. లోపల తెల్ల పోగులు పీచును చుట్టుకుని ఉన్నాయి. ఆపరేటర్ వంగి, ముట్టుకోకుండా, చాలాసేపు చూశాడు.

"ఇవి చెట్లయితయా?"

"అయితయ్," అన్నాడు బాపు. ఆ ఒక్క మాట తేటగా వచ్చింది.

ఆపరేటర్ రోడ్డు వైపు చూశాడు. "మా సార్ పదింటికి వస్తడు. అప్పటిదాంక అవతల మోరీ పని చేస్త. ఆయన వచ్చినంక నేను ఆగలేను. నన్ను అడగొద్దు మల్ల."

మిషన్ వెనక్కి, మురుగు కాలువ తవ్వే వైపు పోయింది. మేము రంపం అందుకున్నాం. ఒకరు కోస్తుంటే ఇద్దరు కింద చేతులు చాచి కొమ్మను పసిపిల్లను ఎత్తుకున్నట్టు దించాలి. కట్టు అదిరితే వేరు తెగుతుంది. దించిన వెంటనే మొదలు డ్రమ్ములో, కట్ల మీద తడి గోనె. పచ్చి కట్టె రంపాన్ని పట్టేసేది. నా అరచేయి పగిలింది. బాపు రాయి మీద నుంచే కర్రతో చూపించేవాడు: అక్కడ కాదు, ఇంకా కిందికి. నాలుగు కొమ్మలు దించేసరికి తొమ్మిదిన్నర. చెట్టెక్కేవాళ్లు మాలో ఇంకెవరూ లేరు. పై కొమ్మలకు నేనే బల్ల మీద స్టూలు వేసుకుని నిలబడ్డాను. ఆ పిల్ల ఉంటే ఎంత తొందరగా అయ్యేదో అని ప్రతి కొమ్మ దగ్గరా అనుకున్నాను.

ఐదోది సగం కోస్తుండగా జీపు వచ్చి ఆగింది. దిగినాయన గడియారం చూసుకుని ఆపరేటర్‌ను పిలిచాడు. మిషన్ మా ముందుకు వచ్చి నిలబడింది. రెండు కొమ్మలు మిగిలాయి. ఒకటి సగం కోసింది, ఇంకొకటి వెనుక వైపుది.

"ఇంకెంతసేపు? జరపండి వాళ్లను," అన్నాడు జీపు ఆయన.

ఆపరేటర్ మా వైపు చూడకుండా పైకి చూస్తూ అన్నాడు. "సార్, ఈ కొమ్మ కరెంటు తీగె మీద పడేటట్టున్నది. వాళ్లు కోస్తెనే మంచిది. నేను కొడ్తె తీగె తెగుతది."

తీగ అంత దగ్గరగా లేదు. అది నాకూ కనిపిస్తోంది, ఆపరేటర్‌కూ కనిపిస్తోంది. జీపు ఆయన ఫోన్ తీసుకుని పక్కకు నడిచాడు. నేను రంపం లాగాను. ఐదో కొమ్మ దిగింది. వెనుక కొమ్మ వైపు తిరిగేసరికి ఆయన ఫోన్ ముగించి వచ్చాడు. ఇక చాలన్నాడు. ఆ కొమ్మ మీద ఆరు కట్లున్నాయి. బాపును ఇద్దరం పట్టి లేపి పక్కకు తెచ్చాం. మిషన్ బకెట్ చెట్టు మొదలుకు ఆనింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. వేళ్లు ఒకటొకటిగా తెగుతున్న పటపట, తర్వాత ఆకుల గాలి. పచ్చి జామ వాసన ముక్కుకు కొట్టింది. అవ్వ రోడ్డు అవతల అటు తిరిగి గిన్నెలు లెక్కపెట్టుకుంటోంది, లెక్కపెట్టినవే మళ్లీ.

ఇరవై ఐదు కట్లు మా ఇల్లు చేరాయి. ఇంటి వెనుక పాత చీరలతో పందిరి కట్టి, దాని కింద డ్రమ్ములు పెట్టాం. బాపు తన మంచం అక్కడికే వేయించుకున్నాడు. నీళ్లు రోజూ మార్చేవాళ్లం. గోనెలు గంటగంటకు తడిపేవాళ్లం. మూడో రోజు ఆకులు వాడి రాలడం మొదలైంది. ఐదో రోజుకు ఒక కొమ్మ పూర్తిగా బోడిదైంది. నేను పొద్దున లేవగానే నేల మీద ఆకులు చూసేదాన్ని. బాపు మాత్రం ఆకు వైపు చూడలేదు. కవరు వైపే చూసేవాడు.

పదకొండో రోజు నన్ను పిలిచి ఒక కట్టు చూపించాడు. వేళ్లు పలచటి చాయ్ రంగు తిరిగాయి.

అవి ఒక్కసారిగా తిరగలేదు. రోజుకు రెండు మూడు. తిరిగినవి తిరిగినట్టు కట్టు కింద కోసి నాటాం. కవర్లు కొనలేదు. పాత సిమెంట్ సంచులు కత్తిరించి మిషన్ మీద చిన్న సంచులు కుట్టాను. సూదులు నాలుగు విరిగాయి. కొన్ని మొక్కలు నాటిన వారానికే నల్లబడ్డాయి. చచ్చినదాన్ని తీసి పారేయబోతే బాపు అడ్డం పడేవాడు, గోటితో బెరడు గీకి పచ్చదనం ఉందేమో చూసి గానీ వదిలేవాడు కాదు. చివరికి పదహారు బతికాయి.

దసరాకు ముందు సర్పంచ్ వచ్చాడు. వెంట ట్రాక్టర్ల వాళ్లు ఇద్దరు. గోదాం వెనుక పట్టీల్లో వంకాయ, టమాట, బీర ఉన్నాయి. వాటి మధ్య మోకాలెత్తు పుల్లలు, ఒక్కోదానికి నాలుగైదు ఆకులు.

"గివేనా చెట్లు?" అన్నాడు ట్రాక్టరాయన ఒకడు. "పోయినసారి గూడ గిట్లనే గుచ్చిండ్రు గదా."

సర్పంచ్ వంగి దగ్గరున్న మొక్కను పట్టుకున్నాడు. లాగి చూస్తాడని తెలిసి నేను ఆయన మణికట్టు పట్టేశాను. ఊరి సర్పంచ్ చెయ్యి నేను పట్టుకున్నానని అందరికీ ఒకేసారి తెలిసింది. 

"ఇడువు బిడ్డా," అన్నాడు వెనుక నుంచి బాపు. "గుంజనియ్యి. పైలంగ."

వదిలాను. సర్పంచ్ మెల్లగా లాగాడు. మొక్క రాలేదు. ఇంకొంచెం లాగాడు. చుట్టూ మట్టి కొద్దిగా పైకి లేచి పగిలింది గానీ మొక్క కదల్లేదు. ఆయన చెయ్యి దులుపుకుని నిలబడ్డాడు.

"పట్టింది," అన్నాడు వెంట వచ్చినవాళ్లతో. నాతో ఏమీ అనలేదు. జాగా మాకే ఉంది. రెండేళ్ల తర్వాత అందులో ఒక మూల నీళ్ల ట్యాంకుకు తీసుకున్నారు, మేము కాదనలేదు.

పదహారు మొక్కలను ఎవరికి ఎన్ని అన్న మాట వచ్చినప్పుడు, పట్నం పోయిన అమ్మాయి పట్టీ గురించి పెద్ద వాదన జరిగింది. ఐదు చెడగొట్టినామెకు మొక్క ఎందుకని ఇద్దరు గట్టిగా అన్నారు. ఆ పట్టీ కూడా పంచుకుందామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో వాళ్లకు చెప్పలేదు, చెప్పడం నాకు చేతకాలేదు. ఆమె పట్టీలో ఒక మొక్క నేనే నాటి, నేనే నీళ్లు పోశాను. అవ్వకు ఒకటి ఇచ్చి వచ్చాను. ఆమె కొత్త జాగాలో బండి మీద చాయ్ పెట్టుకుంది. రంగు డబ్బాలో నాటుకుని బండి చక్రానికి ఆనించి పెట్టింది.

మరుసటి వానాకాలానికి ఆ అమ్మాయి వచ్చింది, ఏదో కాగితం మీద సంతకం కోసం. నాకు కబురు తెలిసి నేనే పోయి గోదాం వెనక్కి పిలుచుకొచ్చాను. ఆమె పట్టీలో మొక్క నడుమెత్తు ఉంది. చాలాసేపు చూసింది.

"ఆ దినం నేను గట్ల అనకుండ ఉండాల్సింది చెల్లె," అన్నాను. ఏడాదిగా ఆ మాట నోట్లోనే ఉంది.

"నువ్వనకున్నా పోదుము అక్క," అంది. "ఆయన బట్టలు సదురుమనే ఉండె అప్పటికే."

ఆ మాటతో నా బరువు తగ్గుతుందని ఆమె అనుకుందేమో. కొంచెం తగ్గింది, అంతా తగ్గలేదు.

ఆమె నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ బాపు దగ్గరే కూర్చుంది. బాపు అప్పటికి ఎడమ చేత్తో చాకు పట్టడం మొదలుపెట్టాడు. నేను దాచడం మానేశాను. ఆయన గాటు పెడితే ఆమె ఒలిచేది, నేను కట్టేదాన్ని. ఆ తర్వాత మూడేళ్లకు బాపు పోయాడు, మా చెట్ల కాయలు రెండు కాపులు తిన్నాకే.

ఆమె ఊరికి తిరిగి రాలేదు. కాకపోతే ప్రతి మిరుగు కార్తెకు పది రోజులు సెలవు పెట్టి వస్తుంది. మొన్న వచ్చినప్పుడు తన చెట్టుకు ఇరవై కట్లు కట్టింది. పట్నంలో తను పనిచేసే చోట గోడవతల కొంచెం ఖాళీ జాగా ఉందట, అక్కడుండే ఆడవాళ్లు కలిసి అడిగారట, ఇంకా ఇవ్వలేదట.

"ఇయ్యకుంటె ఏం చేస్తవ్?" అని అడిగాను.

"మల్ల అడుగుతం," అంది దారం పళ్లతో కొరుకుతూ.